నేను తీసిన అద్దం పెంకులు

ఒక మనిషి బతుకును నేను ఒక్క మాటతో పాడుచేశాను. ఆ మాట అన్నందుకు నన్ను ఎవరూ శిక్షించలేదు. కోర్టు నన్ను గౌరవంగానే పంపించింది. నిలదీసింది ఒక్కతే. ఆమెకు నేను జవాబు చెప్పలేదు. ఆ చెప్పని జవాబునే ఇన్నేళ్లుగా మోస్తున్నాను. నా భార్యకు తెలియదు. పిల్లలకు తెలియదు. మీరెవరో నాకు తెలియదు, నా మొహం మీరు చూడరు. అందుకే మీకైతే చెప్పగలనేమో అనిపిస్తోంది.

నేను ఎముకల డాక్టరును. ఒకవైపు అడవిలో అన్నలు, మరోవైపు ఊళ్లలో పోలీసులు ఉన్న ఆ రోజుల్లో కోరుట్ల ప్రాంతంలోని ఒక దవాఖానలో పనిచేసేవాణ్ణి. నాది ఆ ప్రాంతం కాదు. అక్కడ ఎవరైనా కొత్తగా కుంటుతూ కనిపిస్తే ఎందుకని అడిగేవారు కాదు. అడగకుండానే ఏదో ఒకటి అనుకునేవారు.

రాజేశం సిరిసిల్లలో మరమగ్గం మీద పనిచేసేవాడు. అత్తగారి ఊరు కోరుట్ల దగ్గరి ఇబ్రహీంపట్నం వైపు. పసుపు తవ్వే పనులకని పుట్టింటికి వెళ్లిన భార్యను తీసుకుపోదామని వచ్చాడు. ఇద్దరూ కోరుట్ల బజారుకు వచ్చి తిరిగి వెళుతున్నారు. అతను సైకిలు నడిపించుకుంటూ రోడ్డు దాటుతుంటే ఒక కారు గుద్దింది. ఆగలేదు. అది ఒక సారా కాంట్రాక్టరు కారని చూసినవాళ్లందరికీ తెలుసు. ఆ పేరు వినగానే వాళ్లందరూ ఏమీ చూడనివాళ్లయిపోయారు.

భార్య కనకవ్వ అతన్ని ఆటోలో వేసుకుని మా దవాఖానకు తెచ్చింది. కుడి మోకాలి కింద ఎముక విరిగి బయటికి వచ్చింది. గాయం నిండా రోడ్డు మీది కంకర, దాంతోపాటు అద్దం పెంకులు. మందపాటి అద్దం, ఒకవైపు గాడులు గాడులుగా ఉంది. కారు ముందు దీపానిది. దాన్ని గుర్తుపట్టడానికి డాక్టరే కానక్కర్లేదు. పక్కనే నిలబడ్డ కనకవ్వకు ఒక పెంకు పటకారుతో పట్టుకుని చూపించాను. ఒక్కటి మిగిలినా చీము పడుతుంది, అన్నీ తీస్తాను, భయపడకు అన్నాను. తీశాను కూడా. తర్వాత వాటిని పారేయించాను. అప్పుడు నా మనసులో ఏ పాపమూ లేదు. ఇది మీరు నమ్మాలని ఎందుకు కోరుకుంటున్నానో నాకే తెలియదు.

కాలు అతుక్కుంది గాని వంకరగా అతుక్కుంది. మగ్గాల మధ్య గంటల తరబడి నిలబడి చేసే పని ఇక అతనివల్ల కాదు. నష్టపరిహారం కోసం జగిత్యాల కోర్టులో కేసు వేశాడు. అతని తరఫు వకీలు నన్ను సాక్షిగా పిలిపించాడు.

ఇలాంటి కేసులో డాక్టరు మాటకు ఎంత విలువ ఉంటుందో బోనెక్కేదాకా నాకూ తెలియదు. జడ్జికి ఎముకల సంగతి తెలియదు. దెబ్బ తిన్నవాడికి నొప్పి తెలుసు గాని, ఆ నొప్పి ఎక్కడ నుంచి వచ్చిందో రుజువు చేయలేడు. విరిగిన చోటు కారు బంపరు ఎత్తుకు సరిపోతుందని చెప్పాల్సింది నేను. పేలుడైతే చర్మం కమిలి, కాలి, నల్లబడి ఉండేదని, అలాంటిదేమీ లేదని చెప్పాల్సింది నేను. ఈ కాలితో ఇతను మళ్లీ మగ్గం ముందు నిలబడలేడని చెప్పాల్సిందీ నేనే. కోర్టు ఆ కాలిని నా కళ్లతోనే చూస్తుంది. నా కళ్లు మూసుకుంటే దానికి చూపు లేదు.

పేలుడు ఎక్కడి నుంచి వచ్చిందంటారా? అది కాంట్రాక్టరు వకీలు తెచ్చాడు. రాజేశం దెబ్బ తిన్న రోజుల్లోనే ఆ దగ్గర్లో ఒక కల్వర్టును పేల్చేశారు. ఇంకేం కావాలి? వీడు బాంబు పెట్టబోయి కాలు విరగ్గొట్టుకున్నాడు, ఆ నేరం దాచి మా కారు మీద పెడుతున్నాడు అన్నది వాళ్ల వాదన.

నన్ను బెదిరించారని ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. ఎవరూ బెదిరించలేదు. వాయిదాకు ముందు ఆ వకీలు నాతో కలిసి చాయ్ తాగాడు. అబద్ధం చెప్పమని అడగలేదు. ఇలాంటి గాయం ఇంకో రకంగానూ కావచ్చు కదా, ఆ ముక్క ఒప్పుకుంటే చాలన్నాడు. లేస్తూ లేస్తూ, మీరు మీ ఊరి వైపు బదిలీ కోసం తిరుగుతున్నారట, మా కాంట్రాక్టరుకు పైన తెలిసినవాళ్లున్నారు అన్నాడు. నేను అవునని అనలేదు. కాదని కూడా అనలేదు. నా భార్య కోరుట్లకు రానంది. నేను ఒంటరిగా విసిగిపోయి ఉన్నాను. ఇది కారణమా, సాకా? ఎన్నిసార్లు నన్ను నేను అడిగినా తేలలేదు.

బోనులో ఆ వకీలు అడిగాడు: ఈ గాయం పేలుడు వల్ల కూడా అయి ఉండవచ్చా? కావచ్చు అన్నాను. మీరు అద్దం పెంకులు తీసినట్టు అతని భార్య అంటోంది, నిజమేనా? గుర్తులేదన్నాను. జడ్జి రాసుకున్నాడు. రాజేశం వకీలు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ నా వీపు మీద ఉంది.

బయట మెట్ల దగ్గర కనకవ్వ నాకు ఎదురొచ్చింది.

"సారూ, గా అద్దం పెంకులు మీరే తీసిండ్రు గద. నాకు జూపిచ్చిండ్రు గద."

"గుర్తులేదమ్మా."

"యాది లేకపోతె లేదనున్రి. బాంబని ఎందుకన్నరు?"

"నేను బాంబనలేదు. కావచ్చు అన్నాను, అంతే."

ఆమె కాసేపు నా మొహంలోకి చూసింది. కోపంగా కాదు. అర్థం చేసుకోవాలని ప్రయత్నిస్తున్నట్టు.

"మీ సదువుల కావచ్చు అంటె ఏందో నాకు తెల్వది సారూ. మా వాడల కావచ్చు అంటె, పోలీసులస్తరు."

నేను బస్టాండు వైపు నడిచాను.

పోలీసులు వచ్చారు. కేసు కొట్టేశాక ఎక్కువ రోజులు ఆగలేదు. సిరిసిల్లలో ఇంట్లో నుంచే రాజేశాన్ని తీసుకుపోయారు. కనకవ్వ నేరుగా మా దవాఖానకు వచ్చింది. నేనొచ్చి పోలీసులకు ఒక్క మాట చెబితే విడిచిపెడతారని నర్సుతో అంటుంటే గోడ ఇవతల నుంచి విన్నాను. సారు లేడని చెప్పమన్నాను. ఆమె వరండాలో కూర్చుంది. ఎండ వరండాలోకి వచ్చేదాకా కూర్చుని, తర్వాత లేచి వెళ్లిపోయింది. కోర్టులో అన్న మాటకు సాకుగా వకీలున్నాడు, బదిలీ ఉంది. ఈ పనికి ఎవరున్నారు? ఆ గదిలో నేనొక్కడినే ఉన్నాను.

రాజేశాన్ని కొన్నాళ్లకు వదిలారని విన్నాను. బాగున్న కాలు కూడా పాడై వచ్చాడట. మగ్గాలున్న ఏ ఆసామీ అతనికి పని ఇవ్వలేదట. ఏం చెప్పి బయటపడ్డాడోనని అడవిలోని వాళ్లకూ అనుమానం వచ్చిందట. ఇద్దరికీ కానివాడయ్యాడు. ఆ ఎండాకాలంలోనే నాకు బదిలీ వచ్చింది. సామాను సర్దుకుంటుంటే సంతోషం కలిగింది. అవును, కలిగింది. అదీ రాయాలి.

ఉద్యోగం అయిపోయాక ఒకసారి సిరిసిల్ల వెళ్లాను. ఎందుకని అడిగితే చెప్పలేను. క్షమించమని అడగడానికే అనుకుంటాను, కాని దారి పొడవునా అతను దొరక్కపోతే బాగుండుననీ అనుకున్నాను. మగ్గాల చప్పుడు మధ్య ఒక చాయ్ హోటలు దగ్గర ఆగి, రాజేశం అని, కాలు కుంటి అని అడిగాను.

"ఎవరూ, బాంబు రాజేశమా?" అన్నాడు హోటలాయన. "ఎన్నడో పాయె సారూ. బొంబాయి దిక్కు భీవండి పోయి గాడనే సచ్చిండట. పెండ్లాం పిల్లలు మల్ల రాలే."

బాంబు రాజేశమని ఎందుకంటారని అడిగాను.

"బాంబులు జేస్తుండెనట. ఉట్టి మాట గాదు. జైత్యాల కోర్టుల డాక్టరే చెప్పిండు."

చాయ్ తాగాను. ఆయన అడిగితే ఏదో పని మీద వచ్చానన్నాను. ఆ డాక్టరును నేనేనని, ఆ మాట అబద్ధమని చెప్పడానికి అంతకంటే మంచి చోటు దొరకదు. వినేవాళ్లు అరుగు నిండా ఉన్నారు. లేచి బస్సెక్కాను.

కాబట్టి మీకు చెబుతున్నాను. రాజేశం బాంబు ముట్టుకోలేదు. అతను సైకిలు నడిపించుకుంటూ రోడ్డు దాటాడు. కారు గుద్దింది. కాలిలో నుంచి అద్దం పెంకులు నా చేతులతో తీశాను. నాకు ఆ రోజు గుర్తుంది, ప్రతిరోజూ గుర్తుంది.

దీనివల్ల అతనికి ఒరిగేదేమీ లేదు. కనకవ్వ ఎక్కడుందో తెలియదు, ఉందో లేదో తెలియదు. అయినా ఇది రాశాక ఛాతీలో కొంచెం తేలికైంది. ఆ తేలిక నాకు దక్కాల్సింది కాదు. అయినా తీసుకుంటున్నాను.