మోగని ఫోన్

2024 వేసవి. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద ఒక మొబైల్ షాపులో నేను కొత్తగా చేరిన రోజులు. ఫోన్ కొన్నవాళ్లకు పాత ఫోన్‌లోని నంబర్లు, ఫోటోలు కొత్తదానిలోకి ఎక్కించి, నాలుగు సెట్టింగులు సరిచేసి చేతికివ్వడం నా పని. కొన్నాళ్లకు ఫోన్ చేసి ఎలా ఉందో కనుక్కోవాలి. దాన్ని మేము ఫీడ్‌బ్యాక్ కాల్ అంటాం.

ఆ కాల్స్‌లో పొగడ్తలకంటే ఫిర్యాదులే ఎక్కువ. అశోక్‌నగర్‌లో ఉండే ఒక రిటైర్డ్ ఇంజనీరు గారు, డబ్బాలో ఛార్జర్ లేకపోవడమంటే భోజనానికి పిలిచి విస్తరి వేయకపోవడమే అని ప్రతిసారీ కోప్పడేవారు. నారాయణగూడ హాస్టల్ అమ్మాయిలకు ఇయర్‌ఫోన్ గుచ్చే రంధ్రం తీసేశారని బాధ. పెద్దవాళ్లకు వెనక్కి వెళ్లే బటన్ ఎటు పోయిందో తెలియదు. అన్నీ విని, అలవాటైపోతుందండీ అని సర్దిచెప్పేదాన్ని.

బాలమణి ఫిర్యాదు వీటిలో దేనికీ చెందదు. ఆమెది మహబూబ్‌నగర్ వైపు ఊరు. రాంనగర్ బస్తీలో కిరాయికి ఉంటూ స్లాబ్ పనులకు వెళ్లేది. బటన్ల ఫోన్ పాడైతే మా దగ్గర చిన్న స్మార్ట్‌ఫోన్ తీసుకుంది. వారం దాటాక ఫోన్ చేసి ఎలా ఉందని అడిగాను.

“మంచిగనే ఉంది అక్కా. గని ఎవ్వరు చేస్తలేరు,” అంది.

నవ్వొచ్చింది. ఫోన్ బాగుందని రాసుకుని పెట్టేశాను.

కొన్నాళ్లకు తనే షాపుకొచ్చింది. ఈ ఫోన్ వాపసు తీసుకుని బటన్లది ఇవ్వమంది. స్లాబ్ పనికి మనుషులను మేస్త్రి ముందురోజు సాయంత్రమే ఫోన్ చేసి ఖాయం చేసుకుంటాడట. పొద్దున కూలీల అడ్డా మీద నిలబడేవాళ్లకు మిగిలిన పనే దొరుకుతుంది. పాత ఫోన్ ఉన్నప్పుడు ఏదో ఒక మేస్త్రి పిలిచేవాడు, ఇది చేతికొచ్చినప్పటి నుంచి ఒక్కరూ పిలవలేదు. పక్క కౌంటర్‌లోని శ్రీకాంత్, “నల్లదారం కట్టియ్యాల్నా అక్కా, దిష్టి తగిలినట్టుంది,” అన్నాడు. ఆమె కూడా నవ్వింది.

నేను షాపు ఫోన్ తీసి ఆమె నంబరుకు చేశాను. గట్టిగా మోగింది.

“చూశారా, ఫోన్‌లో ఏ లోపమూ లేదు,” అన్నాను.

ఆమె ముఖం చిన్నబోయింది. కిందటి స్లాబ్‌లో మెట్ల మీద జారి కాంక్రీటు గంప పారబోసిందట. “అందుకే తీసేసిన్రేమో అక్కా. పోయి అడుగుదమంటే సిగ్గైతుంది,” అని గొంతు తగ్గించి చెప్పి వెళ్లిపోయింది. ఫోన్ గురించి వచ్చినామె తన పనితనాన్ని తప్పుపట్టుకుంటూ వెళుతోందని అప్పుడు నాకు తట్టలేదు.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం మా పాపకు క్రెష్‌లో జ్వరం వచ్చింది. సాయంత్రం నేను వెళ్లేసరికి ఒళ్లు కాలిపోతోంది. ఆయా కోపంగా ఉంది. “ఎన్నిసార్లు చేసిన మేడం, ఎత్తరేంది?” క్రెష్ ఫోన్ పనిచేయక తన సొంత ఫోన్ నుంచి చేసిందట. నాకు ఒక్క కాల్ కూడా రాలేదన్నాను. ఎందుకైనా మంచిదని సెట్టింగుల్లోకి వెళ్లి చూస్తే, బ్లాక్ అయిన కాల్స్ జాబితాలో ఆమె నంబరు వరుసగా ఉంది.

సేవ్ చేయని నంబర్ల నుంచి వచ్చే కాల్స్‌ను ఆపేసే సెట్టింగ్ ఒకటుంటుంది. లోన్ల వాళ్లు, మోసగాళ్లు, వేళాపాళా లేకుండా చేసే పోకిరీలు భరించలేక నేను నా ఫోన్‌లో అది పెట్టుకున్నాను. అంతటితో ఊరుకోలేదు. షాపుకొచ్చిన ప్రతి ఆడమనిషి ఫోన్‌లోనూ, అడగకుండానే, మేలు చేస్తున్నాననుకుని అదే పెట్టి ఇచ్చేదాన్ని. పాపను ఎత్తుకుని ఆటో ఎక్కుతుంటే బాలమణి ఫోన్ గుర్తొచ్చింది. ఆమె మేస్త్రీల నంబర్లు సేవ్ చేసుకునే మనిషి కాదు, గొంతు బట్టి పోల్చుకునేది. మేము అమ్మే ప్రతి ఫోన్‌లో ముందుగా ఎక్కించేది మా షాపు నంబరే. కాబట్టి నా పరీక్షకు ఆ ఫోన్ మోగకుండా ఎలా ఉంటుంది?

పాపకు జ్వరం తగ్గాక బాలమణిని పిలిపించాను. ఆమె ఎదుటే ఆమె ఫోన్‌లో ఆ జాబితా తెరిచాను. వేలితో జరుపుతుంటే తెర కిందికి పోతూనే ఉంది. ఇవన్నీ మీకొచ్చిన కాల్సే, ఫోన్ మోగనివ్వలేదు అని చెప్పి ఆ సెట్టింగ్ తీసేశాను. వాటిలో ఒక నంబరుకు కలిపితే అవతల మేస్త్రి గొంతు వినిపించింది. ఆమె కళ్లు వెలిగాయి. చేత్తో ఫోన్ మూసి నాతో, “అయితే నన్ను తీసెయ్యలే అక్కా. పిలుస్తనే ఉన్నరు,” అంది.

ఆ సంతోషం చూడలేకపోయాను. మేస్త్రి మాత్రం, ఎన్నిసార్లు చేసినా ఎత్తకపోతే వేరే ఆమెను పెట్టుకున్నానని, ఎవరైనా మానేస్తే చూస్తానని పెట్టేశాడు.

ఇక దాచలేక, “ఆ సెట్టింగ్ పెట్టింది నేనే,” అన్నాను.

ఆమె ఫోన్‌ను కౌంటర్ మీద పెట్టింది. “జర నన్నడిగి పెట్టాల్సింది గద అక్కా,” అంది. అరిచి ఉంటే బాగుండేది. శ్రీకాంత్ కూడా తల ఎత్తలేదు.

తెలియనివాళ్లంటే నాకు భయం. ఆమెకు తెలియని నంబరంటే పని. ఒకరి భయాన్ని తీసుకెళ్లి ఇంకొకరి ఫోన్‌లో పెట్టకూడదని ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది. ఇప్పుడు ఏ సెట్టింగ్ ముట్టుకునే ముందైనా, మీకు ఎవరెవరు ఫోన్ చేస్తుంటారని అడుగుతాను. కొందరు విసుక్కుంటారు, చెప్పేదాకా ఆగుతాను.

బాలమణి ఇప్పటికీ అప్పుడప్పుడు మా షాపు ముందు నుంచి వెళుతుంది. చెయ్యెత్తి పలకరిస్తుంది. పని దొరుకుతోందా అని అడగాలని ప్రతిసారీ అనుకుంటాను. ఆమె ఏం చెబుతుందోనని, చేతిలోని ఫోన్ వైపు తల దించుకుంటాను.