పనసవలసలో నేల ఊరకున్న రోజులు

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, వలిసెలు పూసే కాలంలో, నన్ను అరకు పైన కొండల్లో ఉన్న పనసవలసకు పంపారు. అప్పటికి నేను విశాఖపట్నంలో ఒక భూభౌతిక కార్యాలయంలో సీనియర్ టెక్నికల్ ఆఫీసర్ని. గురుత్వ తరంగాలను పట్టే కేంద్రం కోసం చూస్తున్న స్థలాల్లో, ఆ ఊరి పక్కన కొండల మధ్య ఉన్న బల్లపరుపు నేల ఒకటి. అక్కడ నేల ఎంత కదులుతోందో కొలిచి నివేదిక ఇవ్వడం వరకే నా పని. ఎంపిక పైవాళ్లది.

ఎక్కడో రెండు చచ్చి గట్టిపడ్డ నక్షత్రాలు ఢీకొంటే అంతరిక్షమే అల్లాడుతుంది. ఆ కదలికే గురుత్వ తరంగం. మన దాకా వచ్చేసరికి అది ఎంత సన్నబడుతుందంటే, దాని ముందు పరమాణువు కూడా కొండే. దాన్ని పట్టడానికి రెండు పొడవాటి గొట్టాలను మూలమట్టంగా కట్టి, వాటిలో లేజరు కాంతిని అద్దాల దాకా పంపి వెనక్కి రప్పిస్తారు. తరంగం దాటుతున్నప్పుడు ఒక గొట్టం రవ్వంత సాగుతుంది, రెండోది కుంచించుకుంటుంది. ఆ తేడాను కాంతి చెబుతుంది. దగ్గర్లో రోకలి పడినా అద్దం వణుకుతుంది కాబట్టి నెమ్మదైన నేల కావాలి.

నేల కదలికను కొలిచే సీస్మోమీటర్‌ని గోతిలో రాతి మీద పెట్టి, మట్టం సరిచూసి, థర్మకోల్‌తో కప్పాం. ఊరివాళ్లను కూర్చోబెట్టి సంగతంతా చెప్పాను. వాళ్లలో గంగి అనే ఆశా కార్యకర్త ఉంది, నలభై దాటిన మనిషి. పనసవలసకు రోడ్డు లేదు. నొప్పులొచ్చిన ఆడవాళ్లను కర్రకు కట్టిన డోలీలో మోయించి, కొండ దిగువన అంబులెన్సు ఎక్కించేది ఆమే. ఆ ఏడు వానల్లో ఒకామె దారిలోనే పోయిందట.

ఆ నక్షత్రాలు ఎంత దూరంలో ఢీకొన్నాయో ఎలా తెలుస్తుందని గంగి అడిగింది. అవతలి కొండ మీద మోగే డప్పు దూరం నీకెలా తెలుసన్నాను. దగ్గర్లో ఎంత మోగుతుందో తెలుసు కాబట్టి, సన్నగా వినపడితే దూరమని అంది. ఇదీ అంతేనని చెప్పాను. పుట్టినచోట తరంగం ఎంత పెద్దదో లెక్క చెబుతుంది, ఇక్కడికి ఎంత సన్నబడి వచ్చిందో యంత్రం చెబుతుంది, ఆ రెండింటి నుంచి దూరం తేలుతుంది. అదే చోటి నుంచి వెలుగు కూడా వస్తే, అది ఎంత ఎర్రబారిందో చూసి ఆ నక్షత్రాల గుంపు ఎంత వేగంగా మనకు దూరమవుతోందో చెబుతారు. కేంద్రం వస్తే రోడ్డు వస్తుందా అని గంగి అడిగింది. అంత సామాను పైకెక్కాలంటే రోడ్డు పడక తప్పదన్నాను.

తర్వాతి రోజులు ఇప్పటికీ కలలో గడిపినట్టే ఉంటాయి. పొద్దున మంచులోంచి వలిసె చేల పసుపు ఒక్కటే తేలి కనపడేది, నేల ఎక్కడుందో తెలిసేది కాదు. లాప్‌టాప్ తెర మీద సీస్మోమీటర్ గీత నిద్రపోయే పసిపిల్ల ఊపిరిలా సాగేది. ఆ ఊపిరి సముద్రానిది. బంగాళాఖాతంలో అలల లయ కొండల కింద నుంచి అక్కడి దాకా వస్తుంది. ముక్కు మీద కోపమని ఆఫీసులో నాకు పేరు. అక్కడ మాత్రం సామాను మోసుకుని మాతో కొండెక్కిన జీపు డ్రైవరు మీద కూడా గొంతెత్తలేదు. అంత నెమ్మదైన నేలను నా ఉద్యోగంలో చూడలేదు, చూసి మురిసిపోయాను.

వలిసె పూలు రాలాయి. కంది కొత్తల పండగ రోజులు వచ్చాయి. ఆ పండగ చేయందే కొత్త కందులు నోట పెట్టరు, థింసా నాట్యం ఆడకుండా పండగ జరగదు. కానీ డప్పు మోగలేదు. నాకు అనుమానం తగిలి రికార్డు వెనక్కి తిప్పి చూశాను. మొదట్లో కనిపించిన రోకటి పోట్లు తర్వాత లేవు. ఊళ్లోకి వెళితే పశువుల మెడల్లో చెక్క గంటలు లేవు, పిల్లల అలికిడి లేదు. గంగిని అడిగాను.

"మీ మిషనుకి సడి పడదన్నారు కదా మేడంగోరు" అంది. "దంపుడంతా ఏటి గెడ్డ అవతలికి మార్సీసినాం. పిల్లల్ని పక్కూరు పంపీసినాం. పండగ మీరెల్లినాక సేసుకుంటాం."

కొత్త కందులు ఇళ్లలో మూటలు కట్టి అలాగే ఉన్నాయి. జనం రోజూ ఎలా బతుకుతారో అలా బతుకుతుండగా కొలిస్తేనే ఆ కొలత చెల్లుతుందని మా నియమం. అప్పటిదాకా తీసిందంతా రద్దు. ఆ మాటా, మీ పండగ మీరు చేసుకుంటుండగా మళ్లీ కొలవాలన్న మాటా గంగికి చెప్పాను.

"మేం ఆడితే రోడ్డు రాదా?" అంది గంగి.

నేల ఎంత కదిలితే అంత రాస్తానన్నాను.

మర్నాడు ఊరంతా కూడింది. ఇన్నాళ్లూ నోరు కట్టుకున్నది దేనికని ఒక ముసలాయన నన్ను నిలదీశాడు. గంగి లేచి, "రేపు మిషను కట్టినాక మనం ఆడితే, మనల్నే కొండ దించేత్తారు. ఇప్పుడే ఆడదాం" అంది. ఆ మాట నాకు తట్టనే లేదు.

ఆ సాయంత్రం, పొద్దు వాలకముందే డప్పు మోగింది. ఆడవాళ్లు వెనక నుంచి చేతులు పెనవేసుకుని వరసగా తిరుగుతుంటే, గోతి పక్కన గుడారంలో నా తెర మీద ప్రతి అడుగూ పడింది. కింద సముద్రం లయ, దాని మీద వాళ్ల లయ. నేల మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు కూర్చున్నాను. రోడ్డు సంగతి గుర్తొచ్చి చెయ్యి తీసేశాను.

రద్దయిన రికార్డు, కొత్త రికార్డు రెండూ పంపాను. ఊరు ఎందుకు ఊరకుందో కూడా రాశాను. పనసవలస ఎంపిక కాలేదు. కారణం మాకు చెప్పరు. గంగికి ఫోన్ చేసి చెబితే, సరేలే మేడంగోరు అంది. ఒకామెకు నెలలు నిండాయని, డోలీ కట్టిస్తున్నానని చెప్పి పెట్టేసింది.

నేల నిశ్శబ్దంగా కనిపిస్తే, ఎవరు ఊరకున్నారో, దేనికోసం ఊరకున్నారో ముందు తెలుసుకోవాలి. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నంతకాలం ఏ ఊరికి వెళ్లినా, గొయ్యి తవ్వించక ముందే, మీకు రోడ్డు ఉందా అని అడిగేదాన్ని.