పుత్తూరు కట్టుతో పన్నెండు ఫొటోలు

తొమ్మిదేళ్లుగా ఈ బరువు మోస్తున్నాను. ఇక ఓపిక లేదు. నేనెవరో మీకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

నన్ను నేనే ఫొటోలు తీసుకోవడం నా పని. ఆడదాని ఒంటి మీద ఎవరెవరి పెత్తనం నడుస్తుందో నా ఒంటినే చూపించి అడుగుతాను. ఆ ఫొటోల ముందు నిలబడి ప్రదర్శన కూడా ఇస్తాను. నాకు పేరు తెచ్చినవి, కుడిచేతికి పుత్తూరు కట్టుతో దిగిన పన్నెండు ఫొటోలు.

స్కూటర్ జారి పడ్డాను. చెయ్యి విరిగింది. జరిగింది అంతే. పుత్తూరులో కట్టు కోసం కూర్చున్నప్పుడు పక్కన సుబ్బమ్మ ఉంది. కార్వేటినగరం దగ్గరి పల్లె. చెప్పకుండా పుట్టింటికి వెళ్లిందని మొగుడు రోకలితో కొట్టాడట. కట్టు మార్పించుకోవడానికి వెళ్లినప్పుడల్లా కలిసేది, కొంచెం కొంచెంగా చెప్పేది. నేను వినేదాన్ని. వింటున్నానా, ఏరుకుంటున్నానా?

తిరుపతిలో మొదటి ప్రదర్శన నాటికి నా కట్టు ఇంకా విప్పలేదు. "నా మొగుడు కొట్టాడు" అని మొదలుపెట్టాను. అన్నీ సుబ్బమ్మ మాటలే, ఆమె ఆగిన చోటల్లా ఆగుతూ. అప్పటికే భర్తతో విడిపోయి ఉన్నాను కాబట్టి అందరూ నమ్మారు. ఆయన ఎన్నడూ నా మీద చెయ్యెత్తలేదు. నా ప్రదర్శన సంగతి తెలిశాక కూడా నన్ను ఒక్క మాట అనలేదు. కళలో 'నేను' అంటే అందరూ అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. మరి సుబ్బమ్మను ఒక్క మాట అడగడానికి ఏం అడ్డొచ్చింది?

పేపర్లో నా ఫొటో పడింది. ఎవరో చదివి వినిపిస్తే సుబ్బమ్మ బస్సెక్కి తిరుపతికి, నా ప్రదర్శన దగ్గరికే వచ్చింది. గొడవకు వచ్చిందనుకున్నాను. నా కట్టు మీద చెయ్యి వేసింది.

"ఆ పొద్దు జారి పడితినని సెప్తివి గదమ్మా నాతో! సిగ్గేసింటాదిలే. నేనూ మా నాయనకు అట్లే సెప్పినా. నీకూ నీ మొగుడేనా?"

నిజం అప్పుడు నా నోటి దాకా వచ్చింది.

"అవునక్కా" అన్నాను.

"నాకొక్కదానికే దేవుడు ఇట్లా రాసిపెట్టినాడనుకుంటా ఉంటి. సదువుకున్నదానివి, నీకూ తప్పలేదే! ఆ ఇంటికి ఇంక పోబాక. ఏమన్నా అయితే మా ఇంటికి రా."

ఆమె వెళ్లేది ఆ రోకలి ఉన్న ఇంటికే. నన్ను రమ్మన్నదీ అక్కడికే. సంచిలోంచి సీతాఫలం తీసి, నా కుడిచెయ్యి పనిచెయ్యదని తానే విప్పి తినిపించింది. తిన్నాను.

ఆ ప్రదర్శన ఏడేళ్లు ఊరూరా తిప్పాను. ఆమె పల్లెకు మాత్రం ఒక్కసారీ వెళ్లలేదు. ఆమె ఎలా ఉందో, అసలు ఉందో లేదో తెలియదు. రెండేళ్ల కిందట ఆపేశాను. ఆరోగ్యం బాగాలేదని చెప్పాను. అదీ అబద్ధమే.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. వెళ్లి ఆమెకు చెప్తానా? ఇది రాస్తుంటే వెళ్తాననే అనిపిస్తోంది. రేపు ఏమనిపిస్తుందో తెలియదు.

నన్నెవరూ కొట్టలేదు.

ఈ మాట కాగితం మీద పెట్టడం ఇదే మొదటిసారి.