తోమిన పైస

శుక్రవారం రాగి చెంబుకు చింతపండు రుద్దుతుంటే ఆ పులుపు వాసన నన్ను చిక్కడపల్లికి లాక్కెళ్లింది.

అక్కడ మా ఇంటి ఓనరు తాతగారు పాత నాణేలు పోగుచేసేవారు. నాకు తొమ్మిదేళ్లప్పుడు నిజాం కాలం నాటి రాగి పైస ఒకటి నా చేతిలో పెట్టి, "జర మంచిగ చూస్కో బిడ్డా" అన్నారు. మా ఇంట్లో రాగిని మంచిగా చూసుకోవడమంటే తోమడమే. ఉప్పూ చింతపండూ వేసి, కొబ్బరి పీచుతో నలుపంతా వదిలేదాకా తోమి, తళతళలాడుతున్న పైసను పరుగున తీసుకెళ్లి చూపించాను.

ఆయన కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశారు. "గా నలుపు రానీకె నూరేండ్లు పట్టింది బిడ్డా" అన్నారు. తిట్టలేదు. నేనే ఏడుస్తూ, ఇక నాణేల జోలికి రానన్నాను.

"ఎందుకు రావు? ఇప్పుడే గదా నేర్చుకున్నవ్" అంటూ ఇంకో నల్ల పైస ఇచ్చారు.

మొన్న నారాయణగూడలో కూరగాయలు కొంటూ చిల్లరలో పాత బిళ్ల కోసం వెతుకుతుంటే మా అమ్మాయి విసుక్కుంది. "అందరూ ఫోన్‌తోనే కడుతున్నారు, ఇంకా ఈ బిళ్లలెందుకమ్మా?"

"అందుకే" అన్నాను. చేతికి రావడం మానేస్తున్నాయి కాబట్టే ఏరుతున్నాను, ఏరుతూనే ఉంటాను.

ఇంటికొచ్చాక డబ్బా తెరిచి తోమిన పైసను దానికి చూపించాను. ముప్పై ఏళ్లకు అంచున కాస్త గోధుమరంగు తిరిగింది. మిగతా డెబ్బై ఏళ్లు మా అమ్మాయే చూసుకోవాలి.

తోమకుండా.