పిన్నిగారు మూసి పెట్టిన ముక్కలు

"మీ పిన్ని వెళ్ళిపోయిందమ్మా, తెల్లవారాక" అన్నారు బాబాయిగారు. ఎదురింటివాళ్ళ ఫోనులో ఆ ఒక్క మాటే విన్నాను. 

ఆవిడ నాకు చుట్టరికం కాదు. ఆర్.కె. పురం గవర్నమెంటు క్వార్టర్సులో మా పైవాటాలో ఉండేవారు. బాబాయిగారు రిటైరయ్యాక సాకేత్‌లో ఫ్లాటు కొనుక్కుని వెళ్ళారు. నాకు బ్రిడ్జి పేకాట నేర్పింది పిన్నిగారే. ఒకరోజు మా వంటింట్లో డబ్బాలన్నీ చీటీలు అంటించి వరసగా ఉండటం చూసి, "నీకు ఈ ఆట వస్తుందే అమ్మాయ్, రా" అన్నారు. చలికాలం మధ్యాహ్నాలు మేడమీద ఎండలో బఠాణీలు ఒలుచుకుంటూ నేర్చుకున్నాను.

బ్రిడ్జిలో ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జట్టు. ఒకరి ముక్కలు ఒకరికి కనబడవు. వంతు వచ్చినప్పుడు వేలంలోలా పాట పాడాలి, అంటే ఫలానా రంగులో ఇన్ని పట్లు గెలుస్తామని పెంచాలి, లేదా పాస్ అనాలి. చెప్పుకోవలసిందంతా ఆ రెండు మాటల్లోనే. ఎంతసేపు ఆలోచించి అన్నారన్నది జతగాడు పట్టించుకోకూడదు. "మంచి ముక్క వస్తే నీ కళ్ళు పెద్దవవుతాయి. అది కూడా దొంగతనమేనే" అని నన్ను కోప్పడేవారు. తన మనసు నిశ్చయమయ్యిందంటే మాత్రం, విసనకర్రలా పట్టుకున్న ముక్కల్ని చటుక్కున దగ్గరకు మూసి, బల్లమీద బోర్లా పెట్టేవారు. ఆ అలవాటు మానుకోవాలని ఆవిడకీ ఉండేది, కుదరలేదు.

డెబ్బైల చివర్లో ఒక శీతాకాలం, అశోకా రోడ్డు దగ్గర ఒక క్లబ్బులో ఆఫీసర్ల దంపతులకు పోటీ పెట్టారు. బాబాయిగారు, పిన్నిగారు ఆఖరి రోజు దాకా వచ్చారు. నేను ఆవిడ వెనక కుర్చీలో కూర్చున్నాను. చూసేవాళ్ళు ఒక్కరి ముక్కలే చూడాలి, నోరు విప్పకూడదు. పోటీలో అన్ని బల్లలకీ అవే ముక్కలు పంచుతారు. పొద్దుటి ఆటల్లో ఒకటి నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. కళావరు రాణి ఎవరి దగ్గరుందో తేలక తక్కిన బల్లల వాళ్ళంతా ఊహ మీద ఆడి పోగొట్టుకున్నారు. పిన్నిగారు ఆ రంగు ముట్టుకోలేదు. ఎదుటివాళ్ళు ఏవేం పారేస్తున్నారో చూస్తూ చివరిదాకా ఆగారు, రాణి తనంతట తనే రాలిపడింది. బాబాయిగారు మీసం కింద నవ్వుకున్నారు.

అసలు గొడవ సాయంత్రం ఆటలో. పిన్నిగారి చేతిలో ఇస్పేట్లు చాలా ఉన్నాయి, ఆఠీను ఒక్కటే. వీళ్ళు నాలుగు ఇస్పేట్ల దాకా పాడారు. ఆవిడ ఎడమపక్క కూర్చున్న పంజాబీ ఆయన "ఫైవ్ హార్ట్స్" అని ఆఠీన్లు పాడాడు. ఆ మాట పూర్తవుతూనే పిన్నిగారి ముక్కలు మూసుకుపోయాయి. వంతు బాబాయిగారిది. ఆయన ముక్కల్లోకి చూస్తూ ఉండిపోయారు. చాలాసేపటికి "పాస్" అన్నారు. పంజాబీ ఆయన భార్య కూడా పాస్ అంది. పిన్నిగారు "ఫైవ్ స్పేడ్స్" అన్నారు, గెలిచారు.

పంజాబీ ఆయన చెయ్యెత్తి పోటీ నడిపే పెద్దమనిషిని పిలిచాడు. "భాయీసాబ్ కాఫీ దేర్ సోచ్‌తే రహే, ఫిర్ భాభీజీ బోలీ" అన్నాడు. అంటే, భర్త అంతసేపు ఆలోచించడంతోనే భార్యకు సంగతి అందిందని. బాబాయిగారి ముఖం కందిపోయింది. చుట్టూ ఆయన ఆఫీసువాళ్ళే.

ఆ పెద్దమనిషి పిన్నిగారిని మర్యాదగానే అడిగాడు. "ఆయన వెంటనే పాస్ అని ఉంటే కూడా మీరు పాడేవారా మేడమ్?"

నేను కుర్చీలో ముందుకు వంగాను. పిన్నిగారు వెనక్కి చూడకుండానే నా మోకాలి మీద చెయ్యి పెట్టి నొక్కారు. తరవాత, "నాకు తెలియదండీ" అన్నారు.

ఆ ఆట రద్దు చేసి లెక్క మార్చారు. కప్పు పంజాబీ దంపతులకు వెళ్ళింది. టాక్సీలో బాబాయిగారు ఒక్కసారే నోరు విప్పారు. "అవునని ఒక్క ముక్క అనలేకపోయావు. నలుగురిలో నన్ను దొంగని చేశావు." ఆ తరవాత వాళ్ళిద్దరూ ఎన్నడూ జతగా ఆడలేదు.

మర్నాడు మేడమీద నేనే అడిగాను. "ఆయన ఆగకముందే మూశారు కదా, చెప్పొచ్చుగా?"

"మూశానే. కానీ ఆయన వెంటనే పాస్ అనేసి ఉంటే మళ్ళీ తెరిచి చూసుకునేదాన్నేమో, భయపడి మానేసేదాన్నేమో. ఆయన ఆగడం చూశాక అది ఇక తేలదు. తెలియనిదాన్ని తెలుసని ఎలా చెప్పను?"

"ఈ మాట బాబాయిగారితో అనండి."

"ఆయన్ని అడగనీ, చెప్తాను" అన్నారు. బఠాణీలు ఒలవడం మాత్రం ఆపలేదు.

ఆయన అడగలేదు. పేకముక్కలు తప్ప మిగతావన్నీ ఆ ఇంట్లో మామూలుగానే నడిచాయి. మందులు అందించుకున్నారు, కూరగాయలకి కలిసి వెళ్ళారు.

కర్మలన్నీ అయ్యాక మొన్న సాకేత్ వెళ్ళాను. బాబాయిగారు బాల్కనీలో మడతబల్ల వేసుకుని కూర్చున్నారు. ఎదుటి కుర్చీ వీపున పిన్నిగారి శాలువా ఉంది.

"ఆ రోజు నువ్వు మీ పిన్ని వెనకాలే కూర్చున్నావు కదమ్మా" అన్నారు. "నేను ఆగకముందు మూసిందా, ఆగాక మూసిందా?"

ఆగాక అంటే ఆయన మీద పడ్డ మాట నిజమవుతుంది. ముందే అంటే, ఒక్క మాటతో కాపాడగలిగీ ఆవిడ కాపాడలేదని అవుతుంది. అబద్ధం చెప్పడానికి పిన్నిగారి దగ్గర ఆట నేర్చుకున్నదాన్ని కాదు.

"ముందే మూశారండీ."

ఆయన కళ్ళు మూసుకున్నారు. "మరెందుకు చెప్పలేదు?"

మేడమీద ఆవిడ అన్నది అన్నట్టే చెప్పాను. చివరి మాటతో సహా.

"అడగనీ అందా?"

"అవునండీ."

"అచ్ఛా" అని మాత్రం అన్నారు.

నేను లోపలికి వెళ్ళి టీ పెట్టుకొచ్చేసరికి బల్లమీద నాలుగు చేతులకీ ముక్కలు పంచి ఉన్నాయి. ఎదుటివైపు ముక్కల్ని అందుకుని చూడకుండానే దగ్గరకు మూసి, శాలువా ఉన్న కుర్చీ ముందు బోర్లా పెట్టారు. తన ముక్కలు తీసి విసనకర్రలా విప్పుకున్నారు. నేను చెప్పులు వేసుకుని బయటికి వచ్చేటప్పుడు వెనక్కి చూస్తే, టీ చల్లారిపోతోంది. బాబాయిగారు తన ముక్కల్లోకి చూస్తూ అలాగే ఉన్నారు, వంతు ఇంకా తనదే అన్నట్టు.