ఊరికే వచ్చిన మెమరీ కార్డు

దోర్నపాల్ బజారులో జీపుకు ముందు దారిని రికార్డు చేసే కెమెరా బిగించుకున్న రోజున బేరమాడి మెమరీ కార్డు ఊరికే రాబట్టాను. కొట్లలో పెరిగినవాణ్ణి, ఆమాత్రం చేయకపోతే నామోషీ.

నెల తిరగకముందే ఒక లారీ వెనక్కొస్తూ నా హెడ్‌లైటు పగలగొట్టింది. "నువ్వే వచ్చి గుద్దినవ్, నేనేం బాగుచేయించ," అన్నాడు డ్రైవరు. అందరి ముందూ ధీమాగా కెమెరా తెరిచాను. ఎండకు కార్డు ఎప్పుడో పాడైనట్టుంది. కొన్న రోజున కొట్లో పరీక్షకు తీసిన వీడియో ఒక్కటే మిగిలింది. అందులో నా గొంతే: "కార్డు ఊరికే ఇయ్యి అన్నా, నీకేం పోతది?"

"ఇదేంది అన్నా, ఇదేనా నీ సాక్ష్యం?" డ్రైవరు నవ్వుకుంటూ లారీ ఎక్కాడు.

హెడ్‌లైటు నేనే వేయించుకున్నాను. రికార్డింగు ఆగితే గట్టిగా కూసే కెమెరా వస్తే కొంటాను. కెమెరాకు బేరమాడతాను, కార్డుకు మాత్రం ఆడను.