నాన్న సైకిలూ, నా కరెంటు సైకిలూ

ఆ రోజుల్లో మా భిలాయిలో వేగమంటే షిఫ్టు సైరన్ మోగేలోగా ఉక్కు ప్లాంటు గేటు దాటడమే. అప్పుడే విడిపడ్డ మా రాష్ట్రం కొత్త, నా టీచరుద్యోగం కొత్త, వాటికన్నా కొత్తది నా కరెంటు సైకిలు. లైసెన్సు పరీక్షలో స్కూటరుతో ఎనిమిది అంకె చుట్టమంటే మూడుసార్లూ సున్నా చుట్టి వచ్చాను (చెప్పేది లెక్కలే మరి!). అందుకే లైసెన్సూ, నంబరు ప్లేటూ అక్కర్లేని ఈ పెడల్స్ బండి కొన్నాను. పాతిక కిలోమీటర్ల వేగం దాటదు. సెక్టర్ 6 క్వార్టర్ నుంచి సెక్టర్ 2లోని మా బడి దాకా, ప్లాంటుకెళ్ళే నాన్న తన సైకిలు మీద నా పక్కనే వచ్చేవాడు. ఇంట్లో నోరు విప్పని మనిషి, ఆ దారిలో మాత్రం ఫర్నేసు కబుర్లూ, విజయనగరంలో తన చిన్నతనమూ ఏకధాటిగా చెప్పేవాడు.

నాకవేవీ పట్టేవి కావు. షిఫ్టుకి పరిగెత్తే సైకిళ్ళవాళ్ళు నన్ను దాటిపోతూ "దీదీ, బ్యాటరీ డౌన్ హై క్యా?" అని నవ్వడమే పట్టేది. తల కొట్టేసినట్టుండేది. చివరికి వైశాలి నగర్‌లో ఒక మెకానిక్ భయ్యాని పట్టుకున్నాను. వేగాన్ని ఆపే వైరు కత్తిరించి, పెద్ద మోటారు బిగించి, "అబ్ దేఖో దీదీ, హవాయీ జహాజ్!" అన్నాడు, ఇక విమానమేనట. మర్నాటి నుంచి రివ్వున పోవడమే. "ఆగవే, కలిసెల్దాం" అని నాన్న వెనకనుంచి అరిచినా తిరిగి చూడలేదు.

అయిదో రోజున చౌక్‌లో ట్రాఫిక్ పోలీసు చెయ్యెత్తాడు. "ఇది సైకిలే సర్" అంటూ పెడల్స్ తిప్పి చూపించాను. అతను మోటారు వైపు చూసి, "మేడమ్, ఇంత మోటారు పెట్టాక పెడల్స్ ఉన్నా ఇది మోటారు బండే. లైసెన్సు, రిజిస్ట్రేషన్, బీమా, హెల్మెట్... ఏదీ లేదు. అన్నిటికీ చలానే" అన్నాడు హిందీలో, చల్లగా. పక్కన ఆటోలోంచి నా స్టూడెంట్లు తలలు బయటపెట్టి చూస్తున్నారు.

అంతలో నాన్న చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోని ప్లాంటు గేట్ పాస్ అతని ముందు పెట్టాడు. టౌన్‌షిప్‌లో ఆ కార్డుకి ముప్పయ్యేళ్ళుగా ఎదురు లేదు. ఆసుపత్రిలోనైనా, క్వార్టర్ల ఆఫీసులోనైనా అది చూపిస్తే చాలు. "సాబ్, మేరా బచ్చీ హై" అన్నాడు తన తెలుగు హిందీలో, నా కూతురని. "బాబా, ఇది ప్లాంటు లోపల చెల్లుతుంది, రోడ్డు మీద కాదు" అని పోలీసు మర్యాదగానే తిరిగిచ్చాడు. నాన్న దాన్ని జాగ్రత్తగా మళ్ళీ కవర్లో పెట్టుకుంటుంటే, చలాన్ల కంటే అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

పాత మోటారు పెట్టించాకే తాళంచెవి ఇస్తానని, అప్పటిదాకా తొక్కుకుపొమ్మన్నాడు పోలీసు. నాన్న తన సైకిలు నాకిచ్చి, ఆ ఇనప్పెట్టెలాంటి బండిని తనే తొక్కాడు. ఆ పూట నాన్న డ్యూటీ పోయింది. ఆయాసపడుతుంటే, "నెమ్మదిగా నాన్నా" అన్నాను.

"నెమ్మదంటే ఏటో ఇప్పుడు తెలిసిందేటమ్మా?" అని నవ్వాడు. మళ్ళీ పెడల్ నొక్కుతూ, "నువ్వు పక్కన లేపోతే ఈ నాల్రోజులూ దారి ఎంత దూరమైపోనాదో" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది, దుమ్ము పడిందని చెప్పాను.

పాత మోటారు పెట్టించి, వైరు అతికించుకున్నాను. నాన్న రిటైరయ్యేదాకా మళ్ళీ పక్కపక్కనే వెళ్ళాం. సైకిళ్ళవాళ్ళు నవ్వుతూనే ఉన్నారు. తర్వాత ఎనిమిదీ చుట్టాను, లైసెన్సూ వచ్చింది. ఇప్పుడు నా స్కూటరుకి కాగితాలన్నీ ఉన్నాయి, నాన్నే లేడు. ఆ రోడ్డు మీద మాత్రం పాతిక దాటలేను. వెనక హారన్లు మోగిస్తే నవ్వొస్తుంది కానీ, పక్కన నాన్న సైకిలు పట్టేంత చోటు మాత్రం ఎవరికీ ఇవ్వను.